అడంగల్‌లో లేని లైబ్రరీ

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. ఇంట్లో ఒక గదిని స్టూడియోగా మార్చుకుని ఆడియో పుస్తకాలు, చుట్టుపక్కల ఊళ్ళ బుర్రకథ దళాల కథలు రికార్డు చేస్తుంటాను. కంప్యూటర్‌లో డెబియన్ 11 (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉండగా, మా అబ్బాయి రాసిన ఒక చిన్న ప్రోగ్రాము ఎంపీ3 ఫైళ్ళను చదవాలంటే లిబ్‌సౌండ్‌ఫైల్ అనే లైబ్రరీ (ధ్వని ఫైళ్ళను చదివే పనిని ఇతర ప్రోగ్రాములకు చేసిపెట్టే కోడు) కొత్త కూర్పు కావలసి వచ్చింది. దాని సోర్సు కోడు దింపుకుని, కంపైల్ చేసి (నడిచే రూపంలోకి మార్చి), "సుడో మేక్ ఇన్‌స్టాల్" చేసుకున్నాను. ఇటీవల డెబియన్ 12కు మారాను. నాలుగు రోజులు అంతా బాగానే నడిచింది. డిస్కులో ఖాళీ కోసం "ఆప్ట్ ఆటోరిమూవ్" (అక్కరలేని ప్యాకేజీలను తీసేసే ఆదేశం) చేసిన మర్నాటి నుంచి రికార్డింగు ప్రోగ్రాములైన ఆర్డర్ తెరుచుకోవడం లేదు, ఆడాసిటీ తెరుచుకోవడం లేదు, చివరికి వీడియో ప్లేయర్ కూడా మొరాయిస్తోంది. టెర్మినల్లో చూస్తే లిబ్‌ఫ్లాక్.ఎస్ఓ.8 అనే ఫైలు దొరకలేదంటోంది. ఆర్డర్‌ను మూడుసార్లు తీసేసి మళ్ళీ పెట్టినా మార్పు లేదు. కొత్త ఫైలుకు పాత పేరుతో లింకు పెట్టమని ఒకరు, మొత్తం ఫార్మాట్ చేయమని ఇంకొకరు అంటున్నారు. అసలు ఈ ఆడియో లైబ్రరీలను, ప్లగిన్లను (ఆర్డర్ వంటి వాటికి తగిలించుకునే ధ్వని పనిముట్లను) ఒక పద్ధతిలో ఉంచుకోవడం ఎలా? మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో కూడా ఇదే సరంజామా కావాలి.

సమాధానం: ముందుగా మీరు స్థిమితపడండి. మీ రికార్డింగులకు ఏమీ కాలేదు. పాడైంది వాటిని తెరిచే ప్రోగ్రాములు మాత్రమే. అవి కూడా నిజానికి పాడవలేదు, వాటికి దారి చూపించే ఒక ఫైలు తప్పుడు చోట కూర్చుని ఉంది. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కరలేదు కాబట్టి ఫార్మాట్ ఆలోచన పూర్తిగా మానుకోండి. లింకు పెట్టే ఆలోచన కూడా మానుకోండి. అది ఎందుకు కూడదో కాస్త ముందుకు వెళ్ళాక చెబుతాను.

ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. పెద్ద అక్షరం కావలసిన చోట విడిగా చెబుతాను. లిబ్‌సౌండ్‌ఫైల్ అని రాసిన చోటల్లా "సౌండ్" బదులు ఎస్, ఎన్, డీ అనే మూడు అక్షరాలే వస్తాయని గుర్తుంచుకోండి.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువగా ఉపయోగపడిన మాట "నాలుగు రోజులు అంతా బాగానే నడిచింది" అన్నది. అప్‌గ్రేడ్ వల్ల చెడి ఉంటే ఆ రోజే చెడేది. ఆటోరిమూవ్ తరువాత చెడింది కాబట్టి, ఎవరికీ అక్కరలేదనుకుని ఆప్ట్ తీసేసిన ఫైలు ఎవరికో కావలసి ఉండిందన్నమాట. ఆ "ఎవరో" ఎవరన్నది తేల్చుకోవాలి. వీడియో ప్లేయర్ కూడా మొరాయించిందని రాయడం మంచిదైంది. ఆర్డర్, ఆడాసిటీ, వీడియో ప్లేయర్ అనే మూడూ ఒకేసారి మూలపడ్డాయంటే లోపం వాటిలో దేనిలోనూ లేదు, మూడింటికీ అడుగున ఉన్న దానిలో ఉంది. ఆర్డరూ ఆడాసిటీ ధ్వని ఫైళ్ళను లిబ్‌సౌండ్‌ఫైల్ ద్వారా చదువుతాయి. పల్స్ ఆడియో లైబ్రరీ కూడా దానినే ఆశ్రయించి ఉంటుంది కాబట్టి, శబ్దం వినిపించాల్సిన చాలా ప్రోగ్రాములు తమకు తెలియకుండానే దాని మీద ఆధారపడి ఉంటాయి. లిబ్‌సౌండ్‌ఫైల్ తన వంతుగా ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా ధ్వనిని కుదించే పద్ధతి) ఫైళ్ళ కోసం లిబ్‌ఫ్లాక్‌ను పిలుస్తుంది. ఈ గొలుసులో ఒక కొక్కెం ఊడింది.

ఇప్పుడు టెర్మినల్ తెరిచి "సుడో ఎల్‌డీకాన్ఫిగ్ హైఫన్ పీ" అని కొట్టి, దానిని గ్రెప్‌కు అందించి, లిబ్‌సౌండ్‌ఫైల్ పేరున్న వరుసలు మాత్రమే చూడండి. మామూలు డెబియన్ యంత్రంలో లిబ్‌సౌండ్‌ఫైల్.ఎస్ఓ.1 అన్న పేరుతో ఒకే వరుస రావాలి. మీ దగ్గర రెండు వస్తాయని నా నమ్మకం. మొదటిది /యూఎస్ఆర్/లోకల్/లిబ్ లోనిది, రెండవది డెబియన్ పెట్టినది. ఈ వరుసక్రమమే అసలు సంగతి. డెబియన్‌లో లైబ్రరీల కోసం వెతికేటప్పుడు /యూఎస్ఆర్/లోకల్/లిబ్ ముందు వస్తుంది, డెబియన్ సొంత స్థలం తరువాత వస్తుంది. అంటే మీరు అప్పట్లో కంపైల్ చేసిన లైబ్రరీ మీ అబ్బాయి ప్రోగ్రాముకు మాత్రమే కాదు, యంత్రంలో ఉన్న ప్రతి ప్రోగ్రాముకూ అందుతూ వచ్చింది. ఆర్డర్ ఇన్నాళ్ళూ డెబియన్ వారి లిబ్‌సౌండ్‌ఫైల్‌తో నడవలేదు, మీ దానితో నడిచింది.

ఆ తరువాత ఎల్‌డీడీ అనే ఆదేశానికి /యూఎస్ఆర్/లోకల్/లిబ్ లోని ఆ ఫైలు పూర్తి చిరునామా ఇవ్వండి. అది తనకు కావలసిన లైబ్రరీల జాబితాను ఒక్కొక్క వరుసగా చెబుతుంది: ఫలానా ఓగ్ లైబ్రరీ ఫలానా చోట, ఫలానా ఓపస్ లైబ్రరీ ఫలానా చోట అంటూ వచ్చి, లిబ్‌ఫ్లాక్.ఎస్ఓ.8 దగ్గరకు వచ్చేసరికి బాణం గుర్తు పక్కన చిరునామా ఉండవలసిన చోట "నాట్ ఫౌండ్" అని ఉంటుంది. మీ ఊడిన కొక్కెం అదే.

జరిగింది ఇది. డెబియన్ 11లో ఫ్లాక్ లైబ్రరీ ప్యాకేజీ పేరు లిబ్‌ఫ్లాక్8. 2022 సెప్టెంబరులో ఫ్లాక్ 1.4.0 వెలువడినప్పుడు దాని లోపలి పొందిక పాత ప్రోగ్రాములకు సరిపడని విధంగా మారింది, దానికి తగ్గట్టు సంఖ్య కూడా మారింది. అందుకే 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఉన్నది లిబ్‌ఫ్లాక్12. అప్‌గ్రేడ్ సమయంలో ఆప్ట్ కొత్తదానిని తెచ్చింది కానీ, పాతదానిని వెంటనే తీయలేదు, ఎందుకంటే రెండూ పక్కపక్కన ఉండగలవు. ఆ నాలుగు రోజులూ మీ సొంత లిబ్‌సౌండ్‌ఫైల్ ఆ పాత లిబ్‌ఫ్లాక్8 చేయి పట్టుకునే నడిచింది. ఆటోరిమూవ్ చేసినప్పుడు ఆప్ట్ తన దస్త్రం తిరగేసి, లిబ్‌ఫ్లాక్8ను కోరుతున్న ప్యాకేజీ ఒక్కటీ లేదని చూసి, దానిని తీసేసింది. దాని లెక్క ప్రకారం అది సరైన పనే.

మన ఊళ్ళలో అడంగల్ ఎలా పనిచేస్తుందో మీకు తెలుసు. ఏ సర్వే నంబరులో ఎవరు సాగు చేస్తున్నారో అందులో ఉంటుంది. అందులో ఎక్కని వారు ఎన్నేళ్ళుగా దున్నుతున్నా, కాలువ మళ్ళించే నాడు వారి పొలం ఎవరి లెక్కలోకీ రాదు. ప్యాకేజీ మేనేజర్లయిన డీపీకేజీ, ఆప్ట్ కలిసి మీ యంత్రంలో నడిపేది అటువంటి అడంగలే. ఏ ఫైలు ఏ ప్యాకేజీది, ఏ ప్యాకేజీకి ఏది కావాలి, దేనిని మీరు అడిగి తెప్పించుకున్నారు, ఏది ఇంకొకదాని వెంట వచ్చింది అన్నవన్నీ అందులో ఉంటాయి. మీరు "మేక్ ఇన్‌స్టాల్" చేసినది అందులో ఎక్కలేదు. ప్యాకేజీ మేనేజర్ కొత్త సాఫ్ట్‌వేర్‌ను దింపి పెట్టే పనిముట్టు అని చాలామంది అనుకుంటారు. దింపిపెట్టడం చిన్న పని. అది చేసే పెద్ద పని గుర్తుంచుకోవడం. దానికి తెలియకుండా మనం పెట్టిన ప్రతి ఫైలూ ఆ జ్ఞాపకంలో ఒక చిల్లు. ఆర్డర్‌ను మూడుసార్లు తీసిపెట్టినా ఫలితం లేకపోవడానికి కారణం కూడా ఇదే: ఆప్ట్ తన ఫైళ్ళను మూడుసార్లూ నిక్కచ్చిగా సరిచేసింది, చెడ్డ ఫైలు మాత్రం దానిది కాదు కాబట్టి ముట్టుకోలేదు.

ఇక ఆ లింకు సంగతి. లిబ్‌ఫ్లాక్ 12కు 8 అని పేరు పెట్టి లింకు చేస్తే ప్రోగ్రాము తెరుచుకుంటుంది, అందుకే ఆ సలహా ఇచ్చినవారు అది పనిచేసిందని నమ్ముతారు. కానీ ఆ సంఖ్య అలంకారం కాదు. "నాకు తెలిసిన పొందిక ఇది, దీనితోనే మాట్లాడగలను" అని ప్రోగ్రాము చెప్పే షరతు అది. ఆ షరతును మాయ చేస్తే, ప్రోగ్రాము మెమరీలో ఒక చోట ఒకటి ఉందనుకుని చదువుతుంది, అక్కడ ఇంకొకటి ఉంటుంది. నేను ఈ పని ఒకసారి చేసి ఉన్నాను. రెండు గంటల హరికథ రికార్డింగును ఫ్లాక్‌లోకి మారుస్తూ ఉండగా మధ్యలో ప్రోగ్రాము కూలింది. అంతకుముందు మారిన ఫైళ్ళలో ఏవి సరిగ్గా ఉన్నాయో ఏవి లేవో తేల్చడానికి ప్రతి ఫైలునూ మూలంతో పోల్చుకుంటూ వారం రోజులు కూర్చోవలసి వచ్చింది. తెరుచుకోని ప్రోగ్రాము వల్ల ఒక సాయంత్రం పోతుంది. తెరుచుకుని తప్పుగా రాసే ప్రోగ్రాము వల్ల ఒక కథకుడి గొంతు పోవచ్చు. డెబియన్ 11 నుంచి లిబ్‌ఫ్లాక్8 ప్యాకేజీని తెచ్చి పెట్టుకోవడం లింకు కంటే మేలు, దానితో పని నడుస్తుంది కూడా. అయినా డెబియన్ 12లో దానికి భద్రతా సవరణలు అందవు. పైగా మీ సమస్య అక్కడే ఉండి మరో అప్‌గ్రేడ్ నాటికి మళ్ళీ లేస్తుంది.

మీ విషయంలో ఊరట కలిగించే సంగతి ఒకటి ఉంది. మీరు దేనికోసమైతే కంపైల్ చేశారో, అది ఇప్పుడు డెబియన్‌లోనే ఉంది. లిబ్‌సౌండ్‌ఫైల్‌కు ఎంపీ3 చదవడం, రాయడం వచ్చింది 2022లో వెలువడిన 1.1.0 కూర్పుతో. డెబియన్ 11లో ఉన్నది 1.0.31 కాబట్టి అప్పట్లో మీకు వేరే దారి కనిపించలేదు. డెబియన్ 12లో ఉన్నది 1.2.0. కనుక మీ సొంత నకలు ఇప్పుడు ఎవరికీ అక్కరలేదు, దానిని తీసేయడమే మందు.

కంపైల్ చేసిన ఫోల్డరు ఇంకా ఉంటే అందులోకి వెళ్ళి "సుడో మేక్ అన్‌ఇన్‌స్టాల్" అనండి. ఫోల్డరు లేకపోతే చేతితో తీయాలి. /యూఎస్ఆర్/లోకల్/లిబ్ లో లిబ్‌సౌండ్‌ఫైల్ పేరుతో మొదలయ్యే ఫైళ్ళు, ఆ లిబ్ లోపలి పీకేజీకాన్ఫిగ్ ఫోల్డరులో దాని పేరున్న ఫైలు, /యూఎస్ఆర్/లోకల్/ఇంక్లూడ్ లో దాని హెడర్ ఫైళ్ళు ఉంటాయి. ఒక్కసారిగా చెరిపేయకండి. ఇంటి డైరెక్టరీలో "పాతవి" అని ఒక ఫోల్డరు చేసి అందులోకి తరలించండి, నెల రోజుల తరువాత చెరపవచ్చు. తీసేముందు ప్రతి ఫైలు పూర్తి చిరునామానూ "డీపీకేజీ హైఫన్ ఎస్" అనే ఆదేశానికి ఇచ్చి అడగండి. ఇక్కడ ఎస్ పెద్ద అక్షరం. అది ఏ ప్యాకేజీ పేరూ చెప్పకుండా ఆ చిరునామా తన దగ్గర లేదంటే ఆ ఫైలు మీదే, తీయవచ్చు. ప్యాకేజీ పేరు చెబితే చేయి వెనక్కి తీసుకోండి. అన్నీ తరలించాక "సుడో ఎల్‌డీకాన్ఫిగ్" అని ఒకసారి కొట్టాలి, లేకపోతే పాత చిరునామా గుర్తుగానే ఉండిపోతుంది. ఆ తరువాత ఆర్డర్ తెరవండి. మీ అబ్బాయి ప్రోగ్రామును మళ్ళీ కంపైల్ చేయవలసిన పని సాధారణంగా ఉండదు, ఎందుకంటే ఈ లైబ్రరీ సంఖ్య అప్పుడూ ఇప్పుడూ 1 గానే ఉంది.

ఇంతవరకు చికిత్స. ఇక పద్ధతి గురించి అడిగారు కాబట్టి, పొలాల మధ్య గట్టు ఉన్నట్టు యంత్రంలో కూడా ఒక గట్టు ఉందని మనసులో పెట్టుకోండి. /యూఎస్ఆర్ అంతా ఆప్ట్ పొలం, అందులో /యూఎస్ఆర్/లోకల్ ఒక్కటి తప్ప. /యూఎస్ఆర్/లోకల్ మీది, అయితే మీరు చూసినట్టు, అక్కడ పెట్టిన లైబ్రరీ యంత్రమంతటికీ వర్తిస్తుంది. మీ ఇంటి డైరెక్టరీ పూర్తిగా మీది, అక్కడ పెట్టింది మీ దాకానే ఉంటుంది. ఆడియో పనికి వచ్చేసరికి ఇది ప్లగిన్ల విషయంలో ఎక్కువగా ఉపయోగపడుతుంది. ఎల్‌వీ2 అనే రకం ప్లగిన్లను ఆప్ట్ /యూఎస్ఆర్/లిబ్/ఎల్‌వీ2 లో పెడుతుంది. వెబ్‌సైట్ల నుంచి మీరు దింపుకున్న ప్లగిన్లను అందులో పడేసి ఉంటే, ఈ రోజే అక్కడి ఫోల్డర్లన్నింటినీ డీపీకేజీతో అడిగి చూడండి. యజమాని లేనివి తేలితే, వాటిని ఇంటి డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే ".ఎల్‌వీ2" ఫోల్డరులోకి తరలించండి. ఆర్డర్ ఆ చోటును తనంతట తానే చూస్తుంది. వీఎస్‌టీ3 ప్లగిన్లకు కూడా ఇంటిలో ".వీఎస్‌టీ3" అనే ఫోల్డరు అదే పని చేస్తుంది. ఒకే ప్లగిన్ రెండు చోట్లా ఉండకుండా చూసుకోవడం ముఖ్యం. లేకపోతే మిక్స్‌లో నడుస్తున్నది పాతదో కొత్తదో మీకే తెలియదు.

మీరు చేతితో దింపుకున్న వాటిలో సగానికి పైగా డెబియన్‌లోనే ఉండి ఉంటాయని నా అనుమానం. మాట స్పష్టంగా వినిపించేలా చేసే కంప్రెసర్లు, ఈక్వలైజర్లు కావాలంటే ఎల్‌ఎస్‌పీ ప్లగిన్లు, కాఫ్ ప్లగిన్లు, ఎక్స్42 ప్లగిన్లు, జామ్ ప్లగిన్లు ఉన్నాయి. గదిలో ప్రతిధ్వని కావాలంటే డ్రాగన్‌ఫ్లై రివర్బ్ ఉంది. "ఆప్ట్ సెర్చ్" తో వెతకండి, "ఆప్ట్ షో" తో వివరం చదవండి. "ఆప్ట్ పాలసీ" కి ప్యాకేజీ పేరు ఇస్తే మీ దగ్గర ఏ కూర్పు ఉంది, ఏది దొరుకుతోంది, అది ఎక్కడి నుంచి వస్తోంది అన్నవి కొన్ని వరుసల్లో తేలిపోతాయి. నేను ఏ సోర్సు కోడు దింపే ముందైనా ఈ పాలసీ ఆదేశం కొట్టకుండా ఉండను. ఉన్నదానికంటే కొత్త కూర్పు కావాలంటే డెబియన్ వారి బ్యాక్‌పోర్ట్స్ భాండాగారంలో ఉందేమో చూడండి. అది మీ డెబియన్‌కు సరిపడేలా వారే కట్టినది. ఉబుంటూ కోసం కట్టిన పీపీఏలను (ఇతరులు నడిపే ప్యాకేజీ భాండాగారాలను) గానీ, డెబియన్ అస్థిర శాఖను గానీ తెచ్చి డెబియన్ 12లో కలపడం మాత్రం వద్దు. అవి అడంగల్‌లో ఎక్కుతాయి, నిజమే, కానీ వేరే ఊరి సర్వే నంబర్లతో ఎక్కుతాయి.

ప్యాకేజీల వల్ల మరో మేలు కూడా ఉంది. జాక్‌డీ2ను (ఆడియో ప్రోగ్రాముల మధ్య ధ్వనిని నడిపే సర్వరును) ఆప్ట్ ద్వారా పెడితే, రియల్ టైమ్ ప్రాధాన్యం (ధ్వని పనికి ముందు వరుస) ఇవ్వమంటారా అని అది అడుగుతుంది. మీరు ఒప్పుకుంటే ఆడియో గుంపుకు 95 వరకు ప్రాధాన్యం, మెమరీని పట్టి ఉంచుకునే అనుమతి ఇచ్చే ఫైలును తానే రాస్తుంది. మీ పేరును ఆ గుంపులో చేర్చుకోవడం ఒక్కటే మీ వంతు. రికార్డింగులో చిటపటలు వస్తున్నాయని చెప్పే చాలామంది విషయంలో సౌండ్ కార్డు తప్పేమీ ఉండదు, ఈ ఒక్క మెట్టు తప్పి ఉంటుంది.

అన్నీ చూశాక కూడా కంపైల్ చేయక తప్పని సందర్భం వస్తుంది. దానిని నేను తప్పుపట్టడం లేదు. అప్పుడు కాన్ఫిగర్ చేసే సమయంలో ప్రిఫిక్స్‌గా (ఇన్‌స్టాల్ అయ్యే చోటుగా) మీ ఇంటి డైరెక్టరీలో ఆ లైబ్రరీకంటూ ఒక విడి ఫోల్డరు ఇవ్వండి. అవసరమైన ఆ ఒక్క ప్రోగ్రామును నడిపేటప్పుడు మాత్రం ఎల్‌డీ లైబ్రరీ పాత్ (అన్నీ పెద్ద అక్షరాలు, మాటల మధ్య అండర్‌స్కోర్) అనే పరిసర చరాన్ని ఆ ఫోల్డరు వైపు చూపించే నాలుగు పంక్తుల స్క్రిప్టు రాసుకోండి. అప్పుడు ఆ లైబ్రరీ మీ అబ్బాయి ప్రోగ్రాముకు మాత్రమే అందుతుంది, ఆర్డర్ జోలికి పోదు. తీసేయాలంటే ఫోల్డరును చెరిపితే చాలు. అదే ఫోల్డరులో ఒక చిన్న ఫైలు పెట్టి, ఏ కూర్పు, ఏ రోజున, ఏ అవసరానికి కట్టారో రెండు వాక్యాలు తెలుగులోనే రాసుకోండి. ఏడాది తరువాత దానిని చదివేది మీరే.

తమ్ముడి ల్యాప్‌టాప్ విషయానికి వస్తే, చాలామంది "ఆప్ట్-మార్క్ షోమాన్యువల్" జాబితాను ఒక ఫైలులోకి తీసుకుని రెండో యంత్రంలో అదంతా ఇన్‌స్టాల్ చేయమంటారు. అది పనికివస్తుంది కానీ, అందులో మీ ప్రింటరు సాఫ్ట్‌వేర్ మొదలుకొని అన్నీ కలిసి వస్తాయి. నేను సిఫారసు చేసేది ఈక్విస్ అనే చిన్న ప్యాకేజీ. "ఈక్విస్-కంట్రోల్" అని ఒక పేరిస్తే అది నమూనా ఫైలు ఒకటి తయారు చేస్తుంది. అందులో ప్యాకేజీ పేరుగా "నా-స్టూడియో" అని ఇవ్వండి, డిపెండ్స్ అన్న వరుసలో ఆర్డర్, ఆడాసిటీ, సాక్స్, ఎఫ్ఎఫ్ఎంపెగ్, మీకు కావలసిన ప్లగిన్ల ప్యాకేజీలు కామాలతో రాయండి. "ఈక్విస్-బిల్డ్" అంటే ఒక డెబ్ ఫైలు తయారవుతుంది. దానిలో అసలు సరుకేమీ ఉండదు, జాబితా మాత్రమే ఉంటుంది. అదే ఫైలును రెండు యంత్రాలలోనూ ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేస్తే, జాబితాలో ఉన్నవన్నీ వాటంతట అవే వస్తాయి. మీ స్టూడియో అంటే ఏమిటో అప్పుడు ఆప్ట్‌కు కూడా తెలుస్తుంది. ఆ జాబితాలో ఉన్నదేదీ ఆటోరిమూవ్‌కు పోదు. కొత్తది చేర్చాలంటే జాబితాలో చేర్చి, కూర్పు సంఖ్య పెంచి, మళ్ళీ కట్టాలి. నేను ఆ కంట్రోల్ ఫైలు నకలును రికార్డింగుల బ్యాకప్ డిస్కులోనే ఉంచుతాను.

రెండు యంత్రాలలోనూ డెబియన్ కూర్పు ఒకటే ఉండాలి. ఇది చిన్న విషయంగా తోచవచ్చు కానీ కాదు. డెబియన్ 11లో ఉన్నది ఆర్డర్ 6.5, డెబియన్ 12లో ఉన్నది 7.3. పాత సెషన్‌ను కొత్త ఆర్డర్ తెరుస్తుంది, కొత్తదానిలో భద్రపరచిన సెషన్‌ను పాతది తెరవలేదు. తమ్ముడు ఇంకా 11లోనే ఉంటే ఆయన యంత్రాన్ని ముందు 12కు తీసుకురండి, అంతవరకు సెషన్ ఫోల్డరును ఇచ్చిపుచ్చుకోకండి. ఒక ప్లగిన్ ఆయన దగ్గర లేకపోయినా కంగారు అక్కరలేదు; ఆర్డర్ దాని స్థానంలో ఖాళీ గుర్తు ఉంచి, మీరు పెట్టిన అమరికలను సెషన్ ఫైలులో అలాగే దాచిపెడుతుంది. ప్లగిన్ పెట్టి మళ్ళీ తెరిస్తే అవి తిరిగి వస్తాయి. దొరకని ప్లగిన్‌ను అక్కడ నుంచి చెరిపి సెషన్‌ను భద్రపరిస్తే మాత్రం అమరికలు పోయినట్టే.

పెద్ద ధ్వని నమూనాలను ఈ పద్ధతిలో ఇరికించకండి. ఫ్లూయిడ్ వారి జనరల్ మిడి సౌండ్‌ఫాంట్ వంటిది ఆప్ట్‌లోనే దొరుకుతుంది, సుమారు 140 ఎంబీ ఉంటుంది, అది సరే. మీరు సొంతంగా రికార్డు చేసుకున్న గుమ్మెట, తంబుర నమూనాలు మాత్రం విడి డిస్కులో, విడి బ్యాకప్‌తో ఉండాలి. అవి సాఫ్ట్‌వేర్ కాదు, మళ్ళీ దింపుకునే వీలు వాటికి లేదు.

డెబియన్ 13 2025 ఆగస్టులో వెలువడింది. అందులో ఫ్లాక్ లైబ్రరీ సంఖ్య 14. మీ సొంత నకలును ఇప్పుడు తీయకపోతే ఇదే కథ అక్కడా మొదలవుతుందని చెప్పడానికే ఈ మాట. వెళ్ళే ముందు, చేతిలో ఉన్న పని పూర్తి చేయండి. సగం మిక్స్ మీద ఉండగా అప్‌గ్రేడ్ వద్దు. పూర్తయిన ప్రతి కథకూ ఆర్డర్‌లో స్టెమ్ ఎక్స్‌పోర్ట్ చేసి, ఒక్కొక్క ట్రాకునూ మొదటి నుంచి చివరి దాకా డబ్ల్యూఏవీ ఫైలుగా దించుకోండి. ప్లగిన్లు పోవచ్చు, ఆర్డర్ మారవచ్చు, డబ్ల్యూఏవీ ఫైలును ఎప్పుడైనా ఏదో ఒకటి తెరుస్తుంది. ఆటోరిమూవ్ గానీ, ఫుల్ అప్‌గ్రేడ్ గానీ నడిపే ముందు అదే ఆదేశానికి హైఫన్ చిన్న ఎస్ చేర్చి నడిపితే, ఏం చేయబోతుందో చెబుతుంది గానీ ఏమీ చేయదు. ఆ జాబితాలో తొలగించేవాటి భాగాన్ని ఒక్కొక్క పేరూ చదవండి. లిబ్‌తో మొదలై అంకెతో ముగిసే పేరు కనిపిస్తే, మీ ఇంటి ఫోల్డర్లలో కట్టుకున్న ప్రోగ్రాములను ఎల్‌డీడీతో అడిగి, దానిని వాడేవి లేవని తేల్చుకున్నాకే ముందుకు వెళ్ళండి. "ఆప్ట్-మార్క్ హోల్డ్" తో ఆర్డర్‌ను కదలకుండా కట్టివేయమని కొందరు చెబుతారు. వారం పది రోజుల పని పూర్తయ్యేదాకా అది సరే. హోల్డ్ తీయకుండానే డెబియన్ కూర్పు మార్చబోతే మొత్తం వ్యవహారం చిక్కుపడుతుంది.

పొరపాటున ఏదైనా పోయినా, ఏమి పోయిందో ఆప్ట్ రాసి ఉంచుతుంది. /వార్/లాగ్/ఆప్ట్ లో హిస్టరీ అనే ఫైలు తెరిస్తే తేదీ, సమయం, మీరు కొట్టిన ఆదేశం, దాని కింద తీసేసిన ప్యాకేజీల పేర్లు కనిపిస్తాయి. మీ ఆటోరిమూవ్ నాటి వరుసలో లిబ్‌ఫ్లాక్8 పేరు ఉండి తీరాలి. ఈ రాత్రి మొదట చేయవలసింది అది చూసుకోవడం. అది ఉంటే నేను చెప్పిన రోగనిర్ధారణ సరైనదే, పైన చెప్పిన ప్రకారం ఫైళ్ళను తరలించి ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టండి. అది అక్కడ లేకపోయినా, తరలించాక కూడా లిబ్‌సౌండ్‌ఫైల్‌కు రెండు వరుసలు కనిపిస్తూనే ఉన్నా, ఇంకేమీ ముట్టుకోకుండా ఆ వరుసలను, హిస్టరీ ఫైలులో ఆ రోజు భాగాన్ని ఉన్నది ఉన్నట్టు నాకు రాసి పంపండి.